ఛార్జరు పీకితే మిగిలేదెంత?

పొదుపు చిట్కాల వీడియోలు చూస్తే ఈ మధ్య నాకు నవ్వూ కోపం రెండూ వస్తున్నాయి. టూత్‌పేస్ట్ ట్యూబు కత్తిరించి లోపల గీకండి, అరిగిపోయిన సబ్బుముక్కని కొత్త సబ్బుకి అతికించండి, షాంపూ సీసాలో నీళ్ళు పోసి ఊపండి అని ఎవరో ఒకావిడ పది నిమిషాలు చెప్తుంది. ఇవి చెయ్యని ఇల్లు శ్రీకాకుళంలో ఒక్కటి చూపించండి. మా వైపు పుట్టిన ఆడపిల్లకి ఇవి ఎవరూ నేర్పక్కర్లేదు. నూనె ప్యాకెట్ మూల కత్తిరించి అరగంట గిన్నెలోకి వంచి పెట్టడం దగ్గర్నుంచి అన్నీ వచ్చే ఉంటాయి. ఇన్నీ చేసే ఇళ్ళల్లోనే ఇరవయ్యో తారీకు దాటేసరికి చేతిలో పైసా ఉండదు. ఎందుకుండదో ఆ వీడియోలు చెప్పవు.

నా పద్ధతి వేరు. నెలనెలా డబ్బు ఎక్కువ పోయే చోట గట్టిగా పిసినారితనం చేస్తాను, తక్కువ పోయే చోట చూసీ చూడనట్టు వదిలేస్తాను. ఇంకొకటి, ఇంట్లో పొదుపు అనే పని చివరికి ఆడవాళ్ళ నడుం మీదే పడుతుంది కాబట్టి దానికి పట్టే టైమ్‌ని కూడా ఖర్చులోనే రాస్తాను. రోజుకో గంట తినేసి నెలకి యాభై రూపాయలు మిగిల్చే పని ఎంత గొప్పదైనా నాకొద్దు. మా అత్తయ్యకి ఈ లెక్క అస్సలు నచ్చదు. "ఏటమ్మా, నీ టయానికి కూడా రేటు కట్టీసినావేటి?" అంటారు. కట్టేశాను మరి.

మేముండేది టౌన్లో, బలగ వైపు, అద్దె ఇల్లు. మా ఆయనది పైడిభీమవరంలో ఫ్యాక్టరీ ఉద్యోగం, షిఫ్టులు. పిల్లలిద్దరూ బడికెళ్తారు. అత్తయ్య మాతోనే ఉంటారు, పొందూరు దగ్గర ఊళ్ళో ఉన్న కొద్దిపాటి పొలం కౌలుకిచ్చాం. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఊళ్ళో పొలం ఉన్నవాళ్ళ పొదుపు వేరు, లేనివాళ్ళ పొదుపు వేరు. నేను చెప్పేవన్నీ అందరికీ కుదరవు.

ముందు కరెంటు సంగతి. మా ఆయనకి ఒక పిచ్చి ఉంది. ఫోన్ లేకుండా ఛార్జరు ఒక్కటే ప్లగ్‌లో కనిపించిందా, కరెంటు ఊరికే పోతోందని ఇల్లు పీకి పందిరేస్తారు. ఒకరోజు కాగితం తీసి లెక్క కట్టి చూపించాను. ఇప్పటి ఫోన్ ఛార్జరు ఖాళీగా ఉన్నప్పుడు లాగేది వాట్‌లో పావు వంతు చుట్టూ ఉంటుంది, ఏడాది పొడుగునా అలాగే వదిలేసినా రెండు మూడు యూనిట్లకి మించదు. అదే మనిషి హాల్లో టీవీ చూస్తూ చాప మీదే నిద్రపోతారు, పడగ్గదిలో ఫ్యాను ఎవరూ లేకుండా తెల్లార్లూ తిరుగుతూనే ఉంటుంది. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు, ఎనిమిది గంటలకి ముప్పావు యూనిట్‌కి కాస్త తక్కువ. అంటే అలాంటి రాత్రులు నాలుగు చాలు, ఛార్జరు ఏడాదంతా తినేది అక్కడే అయిపోతుంది. ఆయన ఒప్పుకోలేదు, కానీ ఇప్పుడు అరవడం తగ్గింది.

కరెంటు బిల్లులో అసలు కిటుకు స్లాబుల్లో ఉంది. మనలో చాలామంది చివర ఉన్న మొత్తం చూసి "అమ్మో" అనుకుని మడిచి పెట్టేస్తారు తప్ప, ఏ యూనిట్‌కి ఎంత పడిందో చూడరు. మన వైపు కరెంటిచ్చే సంస్థ ఈపీడీసీఎల్ పరిధిలో మనకి 2022లో మారిన స్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లు ఒక్కొక్కటి 1.90 రూపాయలు, అక్కణ్ణుంచి 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, ఆ గీత దాటితే 400 వరకు 8.75, ఆపైన 9.75. మా ఇంట్లో ఎండాకాలం వాడకం 260 యూనిట్ల దగ్గర ఆడేది. ఆ 260లో మొదటి 40 యూనిట్లకి మనం కట్టేది 87 రూపాయలు. చివరి 40 యూనిట్లకి 336 రూపాయలు. అదే ఇల్లు, అదే మీటరు, అదే నలభై. ఫిక్స్‌డ్ ఛార్జీలు, ట్రూ అప్‌లు అనే పాత ఖర్చుల సర్దుబాట్లు, సుంకాలు వీటికి అదనం అనుకోండి, వాటిని మనం ఏమీ చెయ్యలేం. కానీ మనం ఆపే యూనిట్ ఎప్పుడూ పై నుంచే తగ్గుతుంది, అంటే ఉన్నవాటిలో ఖరీదైన యూనిట్టే తగ్గుతుంది. అందుకే వందలోపు వాడే ఇంటికి, రెండు వందల యాభై దాటే ఇంటికి ఒకే సలహా చెప్తే పనికిరాదు. తక్కువ వాడేవాళ్ళు ఇంకా ఇంకా బిగబట్టుకుని చీకట్లో కూర్చుంటే మిగిలేది చిల్లర.

అందుకని మేం బల్బుల జోలికి పోలేదు, అవి ఎలాగూ ఎప్పుడో ఎల్ఈడీలయ్యాయి, తొమ్మిది వాట్ల బల్బు గంటలు గంటలు వెలిగినా పెద్ద తేడా రాదు. ఫ్యాన్ల మీద పడ్డాం. మన ఊళ్ళో మార్చి నుంచి అక్టోబరు దాకా ఫ్యాను ఆపే పనే లేదు, సముద్రపు గాలి ఉన్నా ఆ ఉక్కపోత తెలిసిందే. హాల్లోది, పడగ్గదిలోది, రెండూ రోజుకి పదహారు గంటలు తక్కువ కాకుండా తిరుగుతాయి. 75 వాట్ల ఫ్యాను పదహారు గంటలు తిరిగితే 1.2 యూనిట్లు, నెలకి 36. బీఎల్డీసీ అనే కొత్తరకం మోటారు ఉన్న ఫ్యాను అదే గాలికి 30 వాట్ల చుట్టూ తీసుకుంటుంది, నెలకి పద్నాలుగో పదిహేనో యూనిట్లు. రెండు ఫ్యాన్ల మీద నలభై యూనిట్ల పైన తగ్గాయి, వాటిలో ఎక్కువ భాగం ఆ 8.75 మెట్టు మీద ఉన్నవే. ఒక్కో ఫ్యానుకి రెండున్నర వేల పైనే పెట్టాం, రెండేళ్ళకి అటూ ఇటూగా తిరిగొచ్చేసింది. వంటింట్లో ఫ్యాను మాత్రం మార్చలేదు. అది రోజుకి గంటో రెండు గంటలో తిరుగుతుంది, దానికి అంత డబ్బు పెడితే మా పెద్దాడు కాలేజీకి వెళ్ళేదాకా తిరిగిరాదు. ఇంకో లాభం, కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద ఈ ఫ్యాన్లు మునుపటికంటే చాలాసేపు తిరుగుతున్నాయి.

పాత ఇళ్ళల్లో గోడకి పెద్ద డబ్బాలాంటి రెగ్యులేటర్ ఉంటుంది చూడండి, తిప్పితే టకటకమంటుంది, కాసేపటికి వేడెక్కుతుంది. ఫ్యాను స్పీడు తగ్గించినా దాంతో కరెంటు ఆదా అయ్యేది చాలా తక్కువ, తగ్గిన కరెంటులో చాలా భాగం ఆ డబ్బాలో వేడిగా పోతుంది. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ పెట్టించుకుంటే ఫ్యాను మార్చలేని వాళ్ళకి అదైనా కొంత నయం.

చలికాలంలో దొంగ వేరే ఉన్నాడు, వాటర్ హీటర్ రాడ్డు. బకెట్ నీళ్ళు స్నానానికి కాగాలంటే అర యూనిట్ పైనే లాగుతుంది, నలుగురు స్నానం చేస్తే రోజుకి రెండున్నర యూనిట్లు, నెలకి డెబ్భై అయిదు. ఫ్యాన్లు ఆగాయని సంతోషించేలోపు ఇది వచ్చి కూర్చుంటుంది. మేం చేసేది ఏమీ లేదు, పిల్లల స్నానం సాయంత్రానికి మార్చాం. మేడ మీద నల్ల ట్యాంకులో నీళ్ళు మూడు గంటలకి చెయ్యి పెడితే చురుక్కుమనేలా ఉంటాయి, బడి నుంచి రాగానే ఆ నీళ్ళతోనే పోసేస్తాం. పొద్దున్న రాడ్డు అత్తయ్యకీ, నైట్ షిఫ్ట్ చేసి వచ్చిన ఆయనకీ మాత్రమే. మధ్యలో ఒక మాట, రాడ్డు ఆన్‌లో ఉండగా నీళ్ళలో వేలు ముంచి చూసే అలవాటు మన ఇళ్ళల్లో చాలామందికి ఉంది. పొదుపు సంగతి తర్వాత, ముందు అది మానండి.

గ్యాస్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు గానీ, జనం చెయ్యనివి రెండు మూడు ఉన్నాయి. కుక్కర్ మొదటి కూత వచ్చాక కూడా మంట పెద్దదే ఉంచి కూతలు లెక్కపెడతారు. కూత వచ్చిందంటే లోపల ఎంత ఆవిరి కావాలో అంతా వచ్చేసినట్టే, ఆపైన పెద్ద మంట ఇచ్చేదంతా ఆ కూతల్లోనే బయటికి పోతుంది. సిమ్‌లో పెట్టి పది నిమిషాలు వదిలేస్తే కందిపప్పు మెత్తగా ఉడుకుతుంది, అరగంట ముందు నానబెడితే ఇంకా తొందరగా. రబ్బరు సాగిపోయి పక్క నుంచి ఆవిరి పోతున్నా దానికే గుడ్డముక్క అడ్డం పెట్టి నెలల తరబడి నెట్టుకొస్తారు. రబ్బరు ధర తక్కువే, గ్యాస్ ధర తక్కువ కాదు. మంట పసుపు రంగులో వస్తుంటే బర్నర్ చిల్లులు మూసుకుపోయాయని అర్థం. పిన్నీసుతో పొడిచి, బ్రష్‌తో తోమి ఆరబెడితే మళ్ళీ నీలంగా వస్తుంది, గిన్నెల అడుగు మాడడం కూడా తగ్గుతుంది.

సిలిండర్ వచ్చినప్పుడు తూచి తీసుకోవడం ఇంకొకటి. పైన పట్టుకునే రింగు కింద పలకల మీద ఖాళీ సిలిండర్ బరువు రాసి ఉంటుంది, 15.3 అనో 16.1 అనో. దానికి 14.2 కలిపితే ఎంతొస్తుందో అంత తూగాలి. 15.3 అని ఉంటే 29.5 రావాలి. తెచ్చినవాళ్ళ దగ్గర తూకం ఉండాలి, అడగడం మన హక్కు. మొహం ముడుచుకుంటారు, ముడుచుకోనివ్వండి. సగం ఖాళీ అయ్యాక ఎంత ఉందో చూసుకోవాలంటే తడిగుడ్డతో సిలిండర్ చుట్టూ తుడిచి కాసేపు ఆగండి. పై భాగం గబగబా ఆరిపోతుంది, లోపల ద్రవం ఉన్నంత మేర తడి ఇంకాసేపు నిలుస్తుంది, గీత స్పష్టంగా కనిపిస్తుంది. పండక్కి చుట్టాలొచ్చే ముందు ఇది చూసుకుంటే, మధ్యాహ్నం సగం వంటలో టెన్షన్ ఉండదు.

ఉచిత గ్యాస్ సిలిండర్ల పథకం దీపం-2 మొదలైంది కూడా మా జిల్లాలోనే, ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలో, 2024 నవంబరు 1న. బియ్యం కార్డు ఉన్నవాళ్ళకి ఏడాదికి మూడు సిలిండర్లు. మా తోడికోడలు ముందు డబ్బు కట్టి బుక్ చేసింది, ఆ డబ్బు తిరిగి ఖాతాలో పడలేదు పడలేదు అని నెల రోజులు నలుగురికీ చెప్పుకుంది. తీరా చూస్తే ఎప్పుడో డ్వాక్రా రోజుల్లో తెరిచి మర్చిపోయిన ఖాతాకి ఆధార్ లింకై ఉంది, డబ్బు చక్కగా అందులో కూర్చుంది. మీకూ రావట్లేదంటే ముందు ఆ పాత పాసుబుక్కులు వెతకండి.

ఇక తిండి. ఇందులోనే నాకు ఎక్కువ నమ్మకం ఉంది, ఎందుకంటే నెల ఖర్చులో పెద్ద వాటా ఇదే. నేను కూరగాయల బేరం మీద ఎక్కువ ఆశ పెట్టుకోను. రైతు బజారులో బోర్డు మీద రేట్లు రాసి ఉంటాయి, తోపుడు బండి మీద నాలుగైదు రూపాయలు ఎక్కువ ఉంటాయి, నిజమే. కానీ రైతు బజారుకి ఆటోలో వెళ్ళి ఆటోలో వచ్చి వంకాయల మీద పది రూపాయలు మిగిల్చానని సంబరపడేవాళ్ళని చూస్తే ఏమనాలి. ఆయనకి సెలవు ఉన్న రోజు బండి మీద వెళ్తే వారానికి సరిపడా అక్కడే కొంటాం. మిగతా రోజులు మా వీధిలోకి వచ్చే ముసలావిడ దగ్గరే. గట్టిగా బేరమాడితే "ఇంకేటి తగ్గించమంతావమ్మా, నాకు గిట్టొద్దేటి?" అంటుంది, దానికి నా దగ్గర జవాబు లేదు, ఉండక్కర్లేదు కూడా. కరివేపాకు ఊరికే వేస్తుంది, నాలుగు రోజులు కనపడకపోతే ఒంట్లో బాగుందా అని అడుగుతుంది.

అసలు డబ్బు మిగిలేది ఏడాది సరుకులో. మా అమ్మావాళ్ళు, అత్తయ్యావాళ్ళు కళ్ళు మూసుకుని చేసిన పని ఇదే, మా తరం వచ్చేసరికి ఆన్‌లైన్‌లో అరకేజీ ప్యాకెట్లకి పడిపోయాం. వరి కోతలయ్యాక అదే మడిలో పండిన మినుములు, పెసలు ఫిబ్రవరి, మార్చిలో ఊళ్ళోకి వస్తాయి. అప్పుడు కొంటే ఒక ధర, వానాకాలంలో కొంటే ఒక ధర. చింతపండు, మిరపకాయలు కూడా ఎండలు ముదిరేలోపే. ఏడాది సరుకు కొనడానికి ఒకేసారి డబ్బు కావాలి కదా అంటారు, అక్కడే చిక్కు. దానికి మేం నెలకి కొంత పక్కన పెడుతూ మార్చికి సిద్ధం చేసుకుంటాం, ఏడాదంతా కిరాణా కొట్టుకి ఇచ్చేదాంట్లోంచే తీసి పెడతాం తప్ప కొత్తగా ఎక్కణ్ణుంచీ రాదు.

చింతపండు మాత్రం సీతంపేట వైపు నుంచి తెప్పిస్తాం. 2022లో జిల్లాలు విడగొట్టాక సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి పోయింది గానీ, మా ఇళ్ళకి చింతపండు, పసుపు, కొండచీపుళ్ళు ఇప్పటికీ ఆ సంతల నుంచే వస్తాయి. పిక్కతో ఉన్న చింతపండు తెస్తే ధర బాగా తగ్గుతుంది, కానీ పని ఉంటుంది. ఎండలో ఒక పూట పరిచి, పెళపెళలాడేటప్పుడు రాతి మీద పెట్టి చెక్కసుత్తితో చిన్నగా కొడితే పిక్క పక్కకి జారుతుంది. గట్టిగా కొట్టారో పిక్క పగిలి పండులో కలిసిపోతుంది, తర్వాత పప్పుచారులో పంటికింద రాయిలా తగులుతుంది. మా అత్తయ్య, పక్కింటి మామ్మగారు, కింద పోర్షన్‌లో వదినా కలిసి ఒక పగలు కూర్చుంటే మూడిళ్ళ చింతపండు అయిపోతుంది. ఈనెలు తీసేసి, కల్లుప్పు పొరలు పొరలుగా వేస్తూ జాడీలో అదిమి పెడతాం. ఏడాదికి ఒక్క పగలు, అదీ కబుర్లతో. ఇలాంటి పనికి టైమ్ లెక్క చూడను. కందులు తెచ్చి తిరగలిలో విసిరి పప్పు చెయ్యమంటే మాత్రం నా వల్ల కాదు, మిల్లుకి పంపేస్తాను. అత్తయ్య దృష్టిలో మిల్లు పప్పుకి రుచి ఉండదు. నా దృష్టిలో నా భుజానికి రుచి ఎక్కువ.

బియ్యం విషయంలో ఊళ్ళో పొలం ఉన్నవాళ్ళం కాబట్టి అదృష్టవంతులం. కౌలు కింద వచ్చిన ధాన్యం ఆడించి ఏడాది నిలవ పెడతాం. పాత బియ్యం అన్నం ఒదుగుతుంది, కొత్త బియ్యం ముద్దవుతుంది, ఇది అందరికీ తెలుసు, కానీ దాంట్లో ఉన్న డబ్బు ఎవరూ చూడరు. గ్లాసు పాత బియ్యానికి వచ్చే అన్నం కొత్త బియ్యానికి రాదు, పెరిగే పిల్లలున్న ఇంట్లో అది నెలకి కేజీల్లో తేడా. కొనుక్కునేవాళ్ళు కూడా పాతవి అడిగి తీసుకోవడం మంచిది, లేదా ఒకేసారి రెండు బస్తాలు తీసుకుని ఒకటి పక్కన పెట్టుకోండి. ఇక్కడ రాగోలు పరిశోధన స్థానం వాళ్ళు తెచ్చిన శ్రీకాకుళం సన్నాలు రకం తినడానికి బాగానే ఉంటుంది, పేరున్న సన్నబియ్యానికి తగ్గట్టు డబ్బు పెట్టక్కర్లేదు. పురుగు పట్టకుండా ఎండు వేపాకు, ఎండుమిరపకాయలు వేస్తాం. అన్నిటికంటే ముఖ్యం బస్తా నేలకి, గోడకి ఆనకుండా చెక్క మీద పెట్టడం. చెమ్మ తగిలితే ఏ ఆకూ ఆపదు.

నిలవ సరుకు సంగతి వస్తే తిత్లీ తుఫాను గుర్తొస్తుంది. 2018 అక్టోబరు 11న అది పలాస వైపు తీరం దాటినప్పుడు, ఉద్దానంలో మా ఆడపడుచు ఇంటి చుట్టూ కొబ్బరి చెట్లు, జీడి చెట్లు నేలకొరిగాయి, కరెంటు చాలా రోజులు రాలేదు. ఫ్రిజ్‌లో ఉన్నవన్నీ పారబోసుకున్నారు. అటక మీద బియ్యం, జాడీలో చింతపండు, గుమ్మడి వడియాలు, ఎండుచేపలు మాత్రం ఇంట్లోవాళ్ళకీ, పక్కన ఇల్లు పోయినవాళ్ళకీ సరిపోయాయి.

జీడిపప్పు కూడా అక్కణ్ణుంచే. పాయసానికి, కూరకి గుండుపప్పు కొనేవాళ్ళని చూస్తే జాలేస్తుంది. పలాసలో బద్ద తీసుకుంటే తక్కువ, ముక్క తీసుకుంటే ఇంకా తక్కువ, రుచి అదే. ఎలాగూ మనం వేయించేముందు విరగ్గొట్టేదే కదా. పెళ్ళివాళ్ళకి పంచిపెట్టే ప్యాకెట్లకి గుండుపప్పు ఉంచుకోండి.

పొద్దున్న టిఫిన్ ఖర్చు తగ్గించింది మాత్రం తరవాణి కుండే, అంటే గంజి పులియబెట్టే కుండ. ఎండాకాలం వస్తే మా ఇంట్లో ఇడ్లీ, దోసె సగం రోజులు బంద్. బయట ఎవరికైనా చెప్తే పేదరికం అనుకుంటారేమో అని ఒకప్పుడు మొహమాటపడేవాళ్ళు, ఇప్పుడు అదే చద్దన్నం గురించి డాక్టర్లు వీడియోలు పెడుతుంటే అందరూ కుండలు కొంటున్నారు. అత్తయ్య పద్ధతి చెప్తాను. కొత్త మట్టికుండ రెండు రోజులు నీళ్ళలో నానబెట్టి, చల్లారిన గంజి పోసి, గుప్పెడు అన్నం వేసి, మూతికి పల్చటి గుడ్డ కడతారు. మామయ్యగారి పాత పొందూరు పంచె చించిన గుడ్డ అది, ఎన్నిసార్లు ఉతికినా పోగు కదలదు. రెండు మూడు రోజులకి పులుపు ఎక్కుతుంది. ఇక రోజూ వార్చిన గంజి అందులో కలుపుతూ, రాత్రి మిగిలిన అన్నంలో ఆ తేట పోసి ఉంచుతారు. పొద్దున్నకి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఊరమిరపకాయ ఉంటే చాలు. చెయ్యి ముంచకూడదు, తడి గరిటె పెట్టకూడదు. పుల్లటి వాసన వేరు, కుళ్ళు వాసన వేరు, రెండోది వస్తే మొహమాటం లేకుండా పారబోసి కుండ ఎండబెట్టాల్సిందే. రాత్రి అన్నం కూడా గంటల తరబడి బయట వదిలేసి తర్వాత నీళ్ళు పోస్తే లాభం లేదు, చల్లారగానే పోసెయ్యాలి. పిల్లలు మొదట్లో ముక్కు మూసుకున్నారు. పెరుగు, జీలకర్ర, కొంచెం మామిడి తురుము కలిపి ఇస్తే ఇప్పుడు చిన్నది గిన్నె నాకుతోంది. గ్యాస్ వెలిగించకుండా ఒక పూట గడవడం, అదీ మే నెలలో వంటింట్లో నిలబడకుండా గడవడం, డబ్బుతో కొలవలేను.

చోడి అంబలి, అంటే రాగి అంబలి కూడా ఇలాగే అని రాద్దామనుకున్నాను గానీ, చోళ్ళ ధర ఇప్పుడు అంత తక్కువేం లేదు. ఊరి నుంచి వస్తే సరే, సూపర్ మార్కెట్లో రంగురంగుల ప్యాకెట్లో కొంటే అది పొదుపు కాదు, ఫ్యాషన్.

తొక్కల పచ్చళ్ళు, ఆనపకాయ తొక్కు, బీరకాయ తొక్కు, కొత్తిమీర కాడలు చారులోకి, పనసపిక్కలు కూరలోకి, ఇవన్నీ మీ ఇళ్ళల్లో మీకు తెలిసినవే. ఇవి నేను డబ్బు కోసం చెయ్యను, రుచి కోసం చేస్తాను. బీర తొక్కు పచ్చడి వల్ల ఎవరి బడ్జెటూ మారలేదు.

మందుల దగ్గర మాత్రం మారింది. అత్తయ్యకి బీపీ, రోజూ రెండు మాత్రలు. వాటి మీద కంపెనీ పెట్టిన పేరు పెద్దక్షరాల్లో, అసలు మందు పేరు చిన్నక్షరాల్లో ఉంటాయి. ఆ చిన్నక్షరాలు, అమ్లోడిపిన్ అనో టెల్మిసార్టన్ అనో, ఎన్ని మిల్లీగ్రాములో కాగితం మీద రాసుకుని, డాక్టర్‌గారిని అడిగి సరేనన్నాక, అదే మందు చౌకగా అమ్మే జన ఔషధి షాపులో తీసుకోవడం మొదలుపెట్టాం. నెల ఖర్చు సగం కంటే తక్కువకి పడిపోయింది. బీపీ ఎప్పటిలాగే అదుపులో ఉంది, చెక్ చేయిస్తూనే ఉన్నాం. ఇంట్లో ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు మాత్రలు వాడే ఇళ్ళల్లో టూత్‌పేస్ట్ ట్యూబు కంటే ముందు చూడాల్సింది ఈ మాత్రల అట్ట. ఒకటే ఇబ్బంది, అన్ని మందులూ అన్ని రోజులూ ఉండవు, అయిపోయే వారం ముందే వెళ్ళాలి.

దాచిన డబ్బు ఎక్కడ పెట్టాలి అంటే నేను చెప్పేది చాలా బోరింగ్ సమాధానం. పోస్టాఫీసు ఆర్‌డీ, నెలకి వంద నుంచి మొదలుపెట్టొచ్చు, ఐదేళ్ళు. మా వీధిలో సంక్రాంతి చీటీ అని నెలనెలా కట్టించుకుని, పండక్కి నూనె డబ్బా, బియ్యం, స్టీలు సామాను ఇస్తామని ఒకావిడ నడిపేది. మూడేళ్ళు చక్కగా ఇచ్చింది, నాలుగో ఏడు ధనుర్మాసంలో ఇంటికి తాళం. రాసిన కాగితం ఎవరి దగ్గరా లేదు. ఆవిడ మీద కోపం ఎంత ఉందో, ఆ రిజిస్ట్రేషన్ లేని చీటీ గురించి ముందే చెప్పినా వినని మా వీధి పెద్దల మీద అంతకంటే ఎక్కువ ఉంది.

ప్లాస్టిక్ కవర్లు మడత పెట్టి పరుపు కింద దాచడం, పెళ్ళిళ్ళలో ఇచ్చిన జాకెట్టు ముక్కలు ట్రంకు పెట్టెలో పేర్చడం, పాడైన మిక్సీ ఎప్పుడో బాగవుతుందని అటకెక్కించడం, ఇవి పొదుపులోకి రావని నా అభిప్రాయం. ఇల్లు ఇరుకవుతుంది, అంతే. పాత నూలు చీరలు మాత్రం దాస్తాం, వాటితో బొంతలు కుట్టించుకోవడం ఇప్పటికీ మా వైపు ఉంది. కుట్టేవాళ్ళకి ఇచ్చే డబ్బు కలుపుకున్నా, షాపులో కొనే దుప్పటి కంటే నయం, చలికాలంలో పిల్లలు దాన్ని వదలరు.

ఇప్పుడు మా ఇంట్లో నడుస్తున్న గొడవ వాషింగ్ మెషీన్ గురించి. నేను అడగలేదు, అత్తయ్యే అడిగారు. మోకాళ్ళ నొప్పులొచ్చాక బట్టల రాయి దగ్గర నిలబడడం ఆవిడ వల్ల కావట్లేదు. ఆ పని నాకు అప్పగించడం ఆవిడకి ఇష్టం లేదు, ఎందుకంటే నేను బాదను, నానబెట్టి జాడిస్తాను, ఆవిడ లెక్కలో అది ఉతకడం కిందకి రాదు. మా ఆయన మాత్రం కరెంటు, కరెంటు అంటున్నారు. మళ్ళీ కాగితం తీశాను. చన్నీళ్ళతో ఉతికితే ఒక వాయికి పావు యూనిట్ చుట్టూ అవుతుంది, రోజు విడిచి రోజు వేసినా నెలకి నాలుగు యూనిట్లు. వేడినీళ్ళ బటన్ నొక్కితేనే ఎక్కువ లాగేది, అది నొక్కం. నీళ్ళు ఎక్కువ పడతాయన్నది నిజమే, చివరిసారి జాడించిన నీళ్ళు పైపు పెట్టి బకెట్లలోకి పట్టుకుంటే బాత్రూమ్ కడుక్కోవడానికి సరిపోతాయి. అత్తయ్య ఈసారి నా లెక్క మొత్తం విన్నారు, కొడుకు వైపు తిరిగి "ఇనీసినావేటి? మరేటి ఆలీసం?" అన్నారు. కొనడం ఖాయమైంది. సైజు మీదే ఇంకా తేలలేదు, నేను ఏడు కేజీలంటున్నాను, ఆయన ఆరున్నర చాలంటున్నారు.